మృగశిర రాకముందే రూటర్ లాగ్ సర్దుకోండి

మొన్నటి గాలివానకు నర్సంపేట వైపు ఒక చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్ లైన్ రాత్రిపూట పడిపోయింది. ఫోన్లు మొదలవగానే డ్యూటీలో ఉన్న పిల్లగాడు రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాడు. రాలేదు. మళ్లీ చేశాడు, అట్లా నాలుగుసార్లు. తెల్లారాక ఒక జాయింట్ బాక్సులో నీళ్లు దొరికాయి కానీ, అప్పటిదాకా రెండు దిక్కులా స్తంభం స్తంభం వెతకాల్సి వచ్చింది. ఏ పోర్టు ముందు పడింది, ఎన్నిసార్లు పడి లేచింది అన్నది రూటర్ తన లాగ్‌లో రాసే పెట్టుకుంది. మొదటిసారి స్విచ్ నొక్కినప్పుడే అదంతా పోయింది.

వానాకాలంలో ఆగమయ్యేది ఎక్కువగా ఈ ఒక్క తప్పుతోనే. సిస్కో రూటర్ లాగ్ బఫర్ (లాగ్ దాచే చోటు), మైక్రోటిక్ రూటర్ లాగ్ రెండూ మామూలుగా ర్యామ్‌లోనే ఉంటాయి. కరెంటు తీస్తే ఏమీ మిగలదు. ముందు లాగ్ చూసి కాపీ చేసుకోండి, రీబూట్ సంగతి తర్వాత.

మొగులు పట్టకముందు చేయాల్సినవి

బఫర్ పెంచండి. చాలా సిస్కో రూటర్లలో అది 4096 బైట్లే. ఒక లైన్ సుమారు 100 అక్షరాలు అనుకుంటే పట్టేది 40 లైన్లు. లింక్ ఒక్కసారి పడి లేస్తే నాలుగు లైన్లు పడతాయి: లింక్ డౌన్, ప్రోటోకాల్ డౌన్, లింక్ అప్, ప్రోటోకాల్ అప్. అంటే పది కుదుపులకే బఫర్ నిండి, అసలు గొడవ మొదలైన లైన్ కొట్టుకుపోతుంది. ‘లాగింగ్ బఫర్డ్ 64000’ కొట్టి సేవ్ చేయండి. మైక్రోటిక్‌లో మామూలుగా 1000 లైన్లు ఉంటాయి, చాలనిపిస్తుంది. కానీ కరెంటు రాగానే వందల మంది కస్టమర్ల పీపీపీఓఈ (నెట్ కనెక్షన్) లాగిన్లు ఒక్కసారే వచ్చి ‘ఈథర్1 లింక్ డౌన్’ అన్న లైన్‌ను బయటికి నెట్టేస్తాయి. అందుకని ఇంటర్‌ఫేస్ టాపిక్‌కు (పోర్టుల మెసేజ్‌లకు) విడిగా ఒక యాక్షన్ (ఎక్కడ రాయాలన్న సెట్టింగు) పెట్టి డిస్క్‌లో రాయించండి.

గడియారం సరిచేయండి. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి సరైన టైం తెచ్చేది) పెట్టి, టైమ్‌జోన్ 5 30 ఇవ్వండి. సిస్కో లాగ్‌లో టైం ముందు నక్షత్రం గుర్తు ఉంటే ఆ టైం నమ్మదగ్గది కాదు. చుక్క ఉంటే ఒకప్పుడు ఎన్‌టీపీతో కలిసి తర్వాత తెగిందని. మార్చి 1 అనో 1970 జనవరి అనో కనిపిస్తే రూటర్‌కు తేదీయే తెలియదు. టైం సరిగ్గా ఉంటేనే సబ్‌స్టేషన్‌లో అడిగి, ఫీడర్ ట్రిప్పైన నిమిషమూ మీ పోర్టు పడ్డ నిమిషమూ ఒకటేనా అని పోల్చగలరు.

సిస్‌లాగ్ సర్వర్ (రూటర్లు పంపే లాగ్ దాచే కంప్యూటర్) ఒకటి ఉండాలి, యూపీఎస్ మీద. పాత డెస్క్‌టాప్ అయినా సరిపోతుంది. సిస్‌లాగ్ యూడీపీ 514 మీద పోతుంది, పోయిన మెసేజ్ మళ్లీ రాదు. సర్వర్‌కు వెళ్లే దారే తెగితే ఆ తెగిన కబురు కూడా అందదు. అందుకే సర్వర్ ఉన్నా లోపలి బఫర్ పెద్దదిగానే ఉంచండి.

మెసేజ్ లెవెల్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఇక్కడ చిన్న అంకె పెద్ద ప్రమాదం: 0 అన్నిటికంటే తీవ్రం, 7 డీబగ్. మెసేజ్‌లు ఎక్కువయ్యాయని ట్రాప్ (సర్వర్‌కు ఏ లెవెల్ దాకా పంపాలన్న సెట్టింగు) 4కి తగ్గిస్తే లింక్ డౌన్ వస్తుంది, ఎందుకంటే అది 3. ప్రోటోకాల్ డౌన్, ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు దారులు చెప్పుకునే పద్ధతి) పొరుగు రూటర్ తెగడం, రూటర్ రీస్టార్ట్ మాత్రం రావు, అవి 5. 6 దగ్గరే వదిలేయండి. గోల తగ్గాలంటే కస్టమర్ పోర్టుల మీద లింక్ స్టేటస్ లాగింగ్ ఆపండి, అప్‌లింక్ జోలికి పోకండి.

పడ్డాక చదవాల్సింది

లింక్ డౌన్, వెంటనే ప్రోటోకాల్ డౌన్: వైరు, ఫైబర్, ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో ఫైబర్ గుచ్చే మాడ్యూల్) లేదా అవతలి పెట్టెకు కరెంటు. ‘అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్’ అని ఉంటే ఎవరో షట్ (పోర్టు ఆపే కమాండ్) కొట్టారు, వానను తిట్టుకోవద్దు. లింక్ పడకుండానే ఓఎస్‌పీఎఫ్ ‘డెడ్ టైమర్ ఎక్స్‌పైర్డ్’ అంటే తెగింది మీ పోర్టు దగ్గర కాదు, అవతల. మామూలు సెట్టింగులో అది తెలియడానికే 40 సెకన్ల దాకా పడుతుంది. మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను రాగి వైరుకు కలిపే డబ్బా) వాడేచోట ఇది తరచూ జరుగుతుంది: ఫైబర్ తెగినా రూటర్‌కూ కన్వర్టర్‌కూ మధ్య రాగి వైరు బతికే ఉంటుంది కాబట్టి పోర్టు లైటు పచ్చగానే వెలుగుతుంది. కన్వర్టర్‌కు లింక్ ఫాల్ట్ పాస్ త్రూ స్విచ్ (ఫైబర్ తెగితే రాగి వైపు లింక్‌నూ పడేసేది) ఉంటే ఇప్పుడే ఆన్ చేయండి.

10 సెకన్లలో 5 సార్లు పడి లేస్తే సిస్కో స్విచ్ ఆ పోర్టును ఎర్ర్-డిజేబుల్‌లో పడేస్తుంది, అంటే తనే ఆపేస్తుంది. పోర్టు కాలిపోయిందనుకుని కార్డు మార్చిన వాళ్లు ఉన్నారు! ముందు కారణం సరిచేసి, తర్వాత షట్, నో షట్ కొట్టి పోర్టు మళ్లీ తెరవండి.

ఓఎల్‌టీ (ఇళ్లకు ఫైబర్ లైన్లు పంచే పెట్టె) ఉన్నవాళ్లకు ఇంకా సులువు. ‘డైయింగ్ గ్యాస్ప్’ వస్తే ఆ ఇంట్లో కరెంటు పోయింది, నిచ్చెన తీయకండి. అది రాకుండా ఎల్ఓఎస్ (ఫైబర్‌లో సిగ్నల్ లేదన్న అలారం) ఒక్కటే వస్తే ఫైబర్ చూడాలి. ఒక్క ఇంటికే అయితే డ్రాప్ వైరు, ఓఎల్‌టీలోని ఒక పాన్ పోర్టు మీదున్న ఇళ్లు మొత్తానికైతే మెయిన్ కేబుల్.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. అంత వానలో బండి కదలదు, లైన్ సంగతి లాగ్‌లోనే చూసుకోవాలి. అందుకే మళ్లీ చెప్పేది: ఆఫ్ చేసి ఆన్ చేయకండి.

ఇక ఇవి రాసి ర్యాక్‌కు అంటించండి:

- ఫోన్ రాగానే ‘షో లాగింగ్’. మొత్తం కాపీ చేసి ఫైల్‌లో పెట్టు.
- తర్వాత ‘షో ఇంటర్‌ఫేసెస్’. సీఆర్‌సీ (పాడై వచ్చిన ప్యాకెట్ల లెక్క) ఎంతుందో రాసుకో, పది నిమిషాలాగి మళ్లీ చూడు. పెరుగుతుంటేనే ఇప్పటి జబ్బు.
- అప్పటిదాకా క్లియర్ కౌంటర్స్ (లెక్కలు సున్నా చేసే కమాండ్) కొట్టకు.
- ప్రతి ఎస్‌ఎఫ్‌పీ ఆర్‌ఎక్స్ పవర్ (అందే వెలుగు బలం) ఎండ ఉన్న రోజే రాసిపెట్టు. మామూలుగా -12 డీబీఎం ఉండేది వాన పడ్డప్పుడల్లా -17 అవుతుంటే జాయింట్‌లో నీళ్లు చేరుతున్నాయి, తెగకముందే విప్పి చూడు.
- కన్సోల్ మీద డీబగ్ వద్దు. 9600 స్పీడు తట్టుకోలేక రూటర్ బిగుసుకుపోతుంది.
- రీస్టార్ట్ మెసేజ్ ఉంటే లైన్ వెతకకు, ‘షో వెర్షన్’లో కారణం చూడు. పవర్-ఆన్ అని ఉంటే యూపీఎస్ బ్యాటరీ చూడు.
- బిల్డింగ్ నుంచి బిల్డింగ్‌కు రాగి ఈథర్‌నెట్ వైరు ఉంటే వానకు ముందే తీసి ఫైబర్ వెయ్యి.
- ఉరుముతుంటే స్తంభం ఎక్కకు. ఓనరు అరిచినా ఎక్కకు.
- తడి నిచ్చెన కరెంటు స్తంభానికి ఆనించకు.
- ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడకు.
- లాగ్ కాపీ అయిందా? కాకపోతే స్విచ్ మీద నుంచి చెయ్యి తియ్యి.