బల్ల మీది గురి – 4వ పాఠం: రంధ్రం పెద్దదైతే లాభం ఎవరికి?

కిందటి పాఠంలో ఇసుక సంచుల మీద తుపాకీని కుదురుగా కూర్చోబెట్టడం చూశాం. ఆ తర్వాత నన్ను అందరూ అడిగింది ఒకటే: ఏ క్యాలిబర్ (తూటా లావు) బాగా గురి తగులుతుంది? ఏ ఆట ఆడుతున్నారో ముందు మీరు చెప్పాలి.

బెంచ్‌రెస్ట్‌లో, అంటే తుపాకీని బల్ల మీద ఆనించి కాల్చే పోటీల్లో, ఆటలు రెండు. ఒకటి గుంపు ఆట. 100 గజాల దూరాన ఐదు తూటాలు ఒకదాని మీద ఒకటి పడాలి. కొలిచేది రెండు దూరపు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం. రంధ్రం సైజు లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి లావు తూటాకు ఇక్కడ ఒరిగేదేమీ లేదు. రెండోది మార్కుల ఆట. అందులో రంధ్రం అంచు మార్కుల వలయపు గీతను తాకినా పై మార్కే వస్తుంది. 6 మి.మీ. తూటా అసలు వ్యాసం దాదాపు 6.2 మి.మీ., .30 క్యాలిబర్ తూటాది 7.8. అంటే గురి ఒక్కటే అయినా లావు తూటా గీత వైపు మరో 0.8 మి.మీ. చేయి చాపుతుంది. మార్కుల ఆటలో 30 బీఆర్ అనే తూటాకు గిరాకీ అందుకే.

మరి గుంపు ఆటలో .30 ఎందుకు వెనకబడింది? తన్ను వల్ల, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ వల్ల. ఈ పోటీల్లో తుపాకీ బరువుకు హద్దుంది: తేలిక తరగతిలో 10.5 పౌండ్లు, బరువు తరగతిలో 13.5. అంటే సుమారు 4.8, 6.1 కిలోలు. బరువు పెంచి తన్నును అణచడం కుదరదు. .30లో 7.5 గ్రాముల తూటా బయటికి పోతుంటే తుపాకీ సంచుల మీద ఎక్కువగా జరుగుతుంది. .22లో తూటా మూడున్నర గ్రాములే, తన్ను తక్కువ. కానీ గాలికి త్వరగా పక్కకు పోతుంది. 1950లో వచ్చిన .222 రెమింగ్టన్ అనే .22 రకం చాలాకాలం ఈ ఆటను ఏలింది. 1970ల మధ్యలో పాల్మిసానో, పిండెల్ అనే ఇద్దరు అమెరికన్లు .220 రష్యన్ అనే రకం తొడుగును (మందు నింపే ఇత్తడి గొట్టాన్ని) మలిచి 6 పీపీసీని తయారుచేశారు. పొట్టి, లావు తొడుగు, 4.4 గ్రాముల 6 మి.మీ. తూటా. గాలికీ తన్నుకూ మధ్య కుదిరిన రాజీ అది. దగ్గరి దూరాల గుంపు ఆటలో దాన్ని పడగొట్టినది ఇప్పటికీ లేదనే నా అభిప్రాయం.

మన అనంతపురంలో దాన్ని నేను ఎవరి చేతిలోనూ చూడలేదు. మనకు దొరికేవి ఎయిర్ రైఫిల్, లైసెన్సు ఉంటే .22. పర్వాలేదు, కొలిచే విద్య ఒక్కటే.

50 మీటర్ల దూరాన .22తో ఐదు తూటాలు కాల్చిన కాగితం తీసుకోండి. దాన్ని గట్టి అట్ట మీద పరవండి. సీసపు తూటా కాగితాన్ని చింపుకుంటూ పోతుంది, అంచులు లోపలికి మడతపడతాయి. కాబట్టి చిరుగును కాదు, చుట్టూ మిగిలిన బూడిదరంగు మసి వలయాన్ని చూడాలి. వెర్నియర్ కాలిపర్ దవడలను రెండు దూరపు వలయాల బయటి అంచులకు ఆనించండి, నొక్కవద్దు. 19.5 మి.మీ. వచ్చిందనుకుందాం. అదే కాగితంలో విడిగా పడిన ఒక వలయం 5.4. తీసేస్తే 14.1. పెట్టె మీద రాసిన వ్యాసాన్ని తీసేయకండి. కాగితం ఎప్పుడూ అంత ఇవ్వదు.

దూరాలు వేరైతే కోణంలోకి మార్చాలి. డిగ్రీలో 60వ వంతు, అంటే ఒక నిమిషం, 50 మీటర్ల దగ్గర 14.5 మి.మీ., 100 గజాల దగ్గర 26.6. మన గుంపు నిమిషానికి కాస్త లోపే ఉంది, చెడ్డదేమీ కాదు.

ఇక నేను చేసిన బుద్ధితక్కువ పని. ఒక జూలైలో నా .22కూ మిత్రుడి .315 రైఫిల్‌కూ పందెం వేశాం. నేను పొద్దున ఏడింటికి మూడు తూటాలు కాల్చాను. అతను పదకొండింటికి ఐదు. గెలిచానని ఊరంతా చెప్పుకున్నాను. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో తెలిసినవాణ్ణే, ఆషాఢం గాలి పదకొండింటికి ఎలా ఉంటుందో మరిచాను. పైగా అదే తుపాకీ, అదే చేయి అయినా ఐదు తూటాల గుంపు మూడింటి గుంపు కన్నా సగటున పావు వంతు పెద్దదిగా వస్తుంది. ఎక్కువ తూటాలు వేస్తే ఒకటి దూరంగా పడే అవకాశం పెరుగుతుంది కదా. అతనికి క్షమాపణతో పాటు ఒక ప్లేటు ఓళిగలు బాకీ పడ్డాను.

ఈ వారం అభ్యాసం: రెండు క్యాలిబర్లు, ఒకే దూరం, ఒక్కోదానికి ఐదు తూటాల గుంపులు ఐదు. ఒకదాని ఐదూ ముగించి రెండోది మొదలుపెట్టకండి. మొదటిది, రెండోది, రెండోది, మొదటిది అంటూ మార్చి మార్చి కాల్చండి. పోల్చేది సగటును, అందమైన ఒక్క గుంపును కాదు. తూటా పోయే దారి పక్కన రెండు చోట్ల కర్రకు రిబ్బను కట్టి, ప్రతి కాగితం మూలలో టైము, రిబ్బను ఎటు ఎగిరిందో రాయండి. వచ్చే పాఠంలో ఎండమావిని చూసి గాలిని చదవడం. ఆ కాగితాలు అప్పుడు కావాలి, పారేయకండి.