కారు తలుపు సందులో గాలి ఈల: చోటు కనిపెట్టి సరిచేసే పద్ధతి

కారు గంటకు 80 కిలోమీటర్లు దాటగానే కిటికీ పైఅంచు దగ్గర సన్నని ఈలలా మొదలై, వేగంతో పాటు పెరిగే శబ్దం వినిపిస్తే చాలామంది వెంటనే తలుపు రబ్బరు మార్పిస్తారు. కొత్త రబ్బరు వేయించిన తరువాత కూడా అదే చోట అదే ఈల వినిపిస్తుంటే, లోపం రబ్బరులో కాక తలుపు కూర్చున్న తీరులో ఉందని అనుమానించాలి. ఇది ఇంట్లోనే సరిచేసుకోదగిన పనే. అయితే గాలి ఏ చోట నుంచి వస్తున్నదో తేల్చుకోకుండా పానా పట్టకూడదు.

గాలి ముందు అద్దం పక్కనున్న స్తంభాన్ని చుట్టుకొని పక్క అద్దాల మీదుగా పోయేటప్పుడు వేగం పుంజుకొంటుంది. అందువల్ల అక్కడ బయటి ఒత్తిడి తగ్గి, లోపలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. తలుపు కింది భాగాన్ని ఒకవైపు కీళ్ళు, మరోవైపు లాకు పట్టుకొని ఉంటాయి గాని, అద్దం చుట్టూ ఉన్న పై ఫ్రేమును పట్టి ఉంచేది ఏదీ లేదు. వేగం పెరిగేకొద్దీ ఆ ఫ్రేము బయటికి లాగబడుతుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న దానికి 100లో నాలుగు రెట్లు అవుతుంది. నిలిపి ఉన్నప్పుడు రబ్బరును అరకొరగా తాకే తలుపు, రహదారి మీద ఆ రబ్బరును పూర్తిగా వదిలేయడానికి కారణం ఇదే. ఊళ్ళో తిరిగినప్పుడు లేని శబ్దం విజయవాడ దారిలోనో, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీదనో బయటపడటం అందుకే.

మొదట తలుపుకు సంబంధం లేని శబ్దాలను పక్కకు పెట్టాలి. రోడ్డు తీరు మారినప్పుడు శబ్దమూ మారితే అది టైర్లది. ఎదురుగాలి, పక్కగాలిని బట్టి మారితే అది గాలిది. వానలో కిటికీ కొంచెం దించుకోవడానికి అతికించుకొనే డోర్ వైజర్లు, పైన బిగించిన క్యారియరు, సరిగా కూర్చోని సైడ్ మిర్రరు మూల ప్లాస్టిక్కు కూడా ఇలాంటి ఈలే వేస్తాయి. వీటిని చూడకుండా తలుపు జరిపితే, ఉన్న లోపం అలాగే ఉండి కొత్త లోపం ఒకటి చేరుతుంది.

చోటు కనిపెట్టడానికి పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపును మించిన సాధనం లేదు. తలుపు చుట్టూ ఉన్న సందు మొత్తాన్ని, సైడ్ మిర్రరు మొదలును బయటి నుంచి టేపుతో మూసి, చూపుకు అడ్డం రాకుండా జాగ్రత్తపడి, శబ్దం బాగా వినిపించే వేగంలో ఒకసారి నడపాలి. శబ్దం పోయిందంటే దారి సందులోనే ఉంది. పోకపోతే లోపం కిటికీ అద్దం జారే గాడి రబ్బరులోనో, మరో చోటో ఉంది. శబ్దం పోయిన పక్షంలో రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపి, టేపును జానెడు జానెడు చొప్పున తీస్తూ మళ్ళీ మళ్ళీ నడపాలి. ఏ ముక్క తీసినప్పుడు ఈల తిరిగి వచ్చిందో అదే చోటు. పక్కన ఒక మనిషి కూర్చొని వినడం మంచిది. నడిపేవారు చెవి కిటికీ దగ్గర పెట్టి వినే ప్రయత్నం చేయకూడదు.

నా కారు కుడి ముందు తలుపుకు చిన్న దెబ్బ తగిలినప్పుడు షెడ్డులో టింకరింగు, పెయింటు చేయించాను. రంగు ఎక్కడా తేడా లేదు. కాని ఆ తరువాత హైవే ఎక్కిన ప్రతిసారీ చెవి వెనుక సన్నగా కూత వినిపించేది. రబ్బరు మార్పించాను, తగ్గలేదు. టేపు పెట్టి చూస్తే, శబ్దం తలుపు పైఅంచున వెనుక మూల నుంచి వస్తున్నదని పది నిమిషాల్లో తేలింది. తరువాత ఆ రబ్బరుకు ముఖానికి రాసుకొనే పౌడరు సన్నగా పట్టించి, తలుపు ఒకసారి మెల్లగా మూసి తెరిచాను. తలుపు లోపలి అంచు మీద తెల్లని గీత కింది నుంచి చక్కగా పైకి వచ్చి, మూల దగ్గర పలచబడి, నాలుగు వేళ్ళ వెడల్పున పూర్తిగా లేకుండా పోయి, అవతల మళ్ళీ మొదలైంది. రబ్బరు కొత్తదే, తలుపే దాన్ని తాకడం లేదు.

పౌడరు పరీక్షకు తోడుగా కాగితం పరీక్ష కూడా చేయాలి. పాత క్యాలెండరు కాగితాన్ని రెండు వేళ్ళ వెడల్పు పట్టీగా కత్తిరించి, తలుపు సందులో పెట్టి మూసి లాగితే, గట్టిగా పట్టుకొని మెల్లగా జారాలి. జారుడు ఎక్కడ సులువుగా ఉందో అక్కడ పట్టు తక్కువ. రెండో వైపు తలుపుతో పోల్చి చూస్తే ఎంత పట్టు సరైనదో చేతికి తెలుస్తుంది.

ఇప్పుడు తలుపును బయటి నుంచి చూడాలి. గాలి ముందు నుంచి వెనక్కి పోతుంది కనుక, ఏ తలుపు అంచూ తన ముందున్న భాగం కంటే బయటికి పొడుచుకొని ఉండకూడదు. సమంగా గాని, వెంట్రుకవాసి లోపలికి గాని ఉండాలి. వేలి కొసను ముందు నుంచి వెనక్కి నడిపిస్తే గట్టులా తగలకూడదు. ఆ తరువాత తలుపును సగం తెరిచి, వెనుక అంచును రెండు చేతులతో పైకి ఎత్తి చూడాలి. కటకటమని కదిలితే కీళ్ళ పిన్నులు అరిగాయి. వాటిని బాగుచేయించకుండా మిగతా సర్దుబాట్లు చేసినా నిలవవు. కీళ్ళ బోల్టులు వదులు చేసి తలుపు జరపడం ఇద్దరు మనుషులు, తలుపు కింద చెక్కపెట్టి జాకీతో ఆన్చడం అవసరమైన పని కనుక, అది అనుభవమున్న టింకరింగు మేస్త్రీకి వదలడమే మంచిది. నాలుగు తలుపులూ తేడాగా ఉంటే వెనుక తలుపును ముందు సరిచేసి, దానికి అనుగుణంగా ముందు తలుపును చూడమని అడగాలి. వెనుక తలుపును ఆనుకొని ఉన్న వెనుక ప్యానెలు బాడీకి వెల్డింగు చేసి ఉంటుంది కాబట్టి జరపడానికి వీలుండదు, తలుపునే దానికి సరిపెట్టాలి.

మన చేతిలో ఉన్నది స్ట్రైకరు. మధ్య స్తంభానికి బిగించి, లాకు వచ్చి పట్టుకొనే ఉంగరం లాంటి కొక్కేన్నే స్ట్రైకరంటారు. దానిని లోపలికి జరిపితే తలుపు వెనుక అంచు లోపలికి వస్తుంది. ముందుగా సన్నని మార్కరు పెన్నుతో దాని చుట్టూ గీత గీయాలి. వెనక్కి రావడానికి దారి చూపేది ఆ గీతే. తరువాత సరైన బిట్టును, చాలా కార్లలో నక్షత్రాకారపు టార్క్స్ బిట్టును, స్క్రూలో పూర్తిగా దించి, రెండు స్క్రూలనూ కాస్త వదులు చేయాలి. రెండింటినీ పూర్తిగా విప్పకూడదు. కొన్ని కార్లలో స్తంభం లోపల వాటిని పట్టుకొనే ఇనుప పలక వదులుగా ఉంటుంది. అది లోపలికి జారితే తిరిగి అందుకోవడం కష్టం. స్ట్రైకరును రబ్బరు సుత్తితో నెమ్మదిగా తట్టి, లోపలి వైపుకు ఒక మిల్లీమీటరు మాత్రమే జరిపి, బిగించి, తలుపు మూసి చూడాలి. మూసేటప్పుడు తలుపు చివరి క్షణంలో పైకి లేచినా కిందికి వంగినా, స్ట్రైకరు ఎత్తు తప్పింది. తలుపును విసిరి మూయవలసి వస్తే ఎక్కువ జరిగింది. లాకు రెండు మెట్లలోనూ పూర్తిగా పట్టి, తలుపు తెరిచి ఉందని చెప్పే దీపం ఆరాలి. ప్రమాదంలో మనుషులను లోపల నిలిపేది ఈ లాకే కనుక ఈ పరీక్షను ఎంత మాత్రం వదలకూడదు.

వెనుక అంచు సమంగా వచ్చినా పైమూల మాత్రం తాకకపోతే ఫ్రేమే బయటికి వంగి ఉంటుంది. షెడ్డులో దీనిని అద్దం దించి, తలుపు నడుము దగ్గర, అంటే అద్దం లోపలికి దిగే అంచు దగ్గర, మెత్తని ఆధారం పెట్టి, చేతితో వత్తి సరిచేస్తారు. ఈ వత్తడం కొద్దికొద్దిగా, ప్రతిసారీ కాగితంతో చూసుకొంటూ చేయాలి. ఎక్కువ వంగితే రబ్బరు నలిగి కొత్త బాధ మొదలవుతుంది. నా తలుపుకు చివరికి అవసరమైంది ఈ పనే. మేస్త్రీ మూడు సార్లు వత్తాడు, మూడోసారికి కాగితం పట్టుబడింది.

రబ్బరు సంగతి ఆఖరున. నొక్కిన చోట తిరిగి లేవకుండా చదునుగా ఉండిపోతే, చీలితే, ఎండకు గట్టిపడితే మార్చాలి. లేకపోతే సబ్బు నీటితో తుడిచి, సిలికాన్ ఆధారిత పూత పలచగా రాస్తే సరిపోతుంది. పెట్రోలు, ఇంజను నూనె, మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. గాడి నుంచి ఊడి వచ్చిన చోట అరచేతితో వరుసగా నొక్కి కూర్చోపెట్టాలి.

పని అయ్యాక టేపు లేకుండా అదే దారిలో, అదే వేగంలో, ఏసీ, పాటలు ఆపి నడిపి చూడాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక స్ట్రైకరు చుట్టూ గీత మళ్ళీ చూడాలి. కొత్తగా బిగించిన చోట కూడా ఒక గీత గీసి పెట్టుకొని ఉంటే, స్క్రూలు వదులై స్ట్రైకరు ఏ కొంచెం జారినా ఆ రోజే తెలుస్తుంది.