కాస్‌ప్లే ఫోటోగ్రఫీ, 4వ పాఠం: పోజు అయిపోయాక వేలు ఎక్కడుండాలి?

కాస్‌ప్లే అంటే కామిక్స్, సినిమాల్లోని పాత్రల వేషం కట్టడం. అలా వేషాలతో అభిమానులు చేరే కన్వెన్షన్ హాల్లో కలగాపులగంగా పడే లైట్ల గురించి ఈసారి చెప్పాలి. అది వచ్చే పాఠానికి వాయిదా. మీరు పంపిన హోంవర్క్ చూశాక ముందు ఈ సంగతి తేల్చక తప్పదనిపించింది.

అడగకుండా తీయొద్దని పోయిన పాఠంలో చెప్పాను. అందరూ అడిగే తీశారు, సంతోషం. కానీ ఏ ఫోల్డర్ తెరిచినా దాదాపు ఒకటే వరస. మొదటి రెండు ఫ్రేముల్లో చక్కటి పోజు. ఆ తర్వాత అదే మనిషి విగ్గు సర్దుకుంటూ, హెల్మెట్ ఎత్తి ఊపిరి పీల్చుకుంటూ, వీపు మీది జిప్పు కోసం తడుముకుంటూ. ఒకాయన వాటిలోంచే ఒకటి ఏరి రాత్రికల్లా ఇన్‌స్టాలో పెట్టేశాడు. ఆ అమ్మాయి తీసేయమని మెసేజ్ పెట్టింది. "తనే కదా సార్ ఓకే అంది, పైగా కాపీరైట్ నాది" అని నాకు ఉత్తరం.

కాపీరైట్ మాట నిజమే. 1957 నాటి చట్టం ప్రకారం ఫోటోకి కర్త తీసినవాడే. మీ ఫోటోని ఇంకొకరు ఎత్తుకుపోతే ఆపడానికి ఆ హక్కు పనికొస్తుంది. అందులో ఉన్న మనిషి "వద్దు" అంటే కాదనడానికి పనికిరాదు.

ఎలా అడగాలో మళ్ళీ చెప్పను, అది రానివాళ్ళు పాత పాఠం చదవండి. ఒక్కటి మాత్రం కలుపుతాను. హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళకి పక్కన ఏముందో కనిపించదు, హాలు గోలలో సరిగ్గా వినిపించదు కూడా. మీరు పక్క నుంచి అడిగితే వాళ్ళు తలూపింది మీకో, ఎదురుగా నించున్న చంటాడికో తెలీదు. ఎదురుగా వెళ్ళి, కెమెరా చూపించి, అప్పుడు అడగండి. వెంట నీళ్ళ సీసా పట్టుకుని ఫ్రెండ్ ఉంటే ముందు వాళ్ళని అడగండి. పిల్లలైతే పక్కనున్న అమ్మానాన్నల్ని అడగాలని చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక అసలు తంటాకి వద్దాం. మామూలు కెమెరాలు కూడా ఇప్పుడు బరస్ట్‌లో, అంటే వేలు నొక్కి ఉంచినంతసేపూ ఆగకుండా తీసే పద్ధతిలో, సెకనుకి పది ఫ్రేములు లాగేస్తున్నాయి. పోజు గట్టిగా నిలిచేది రెండు సెకన్లు. మీ వేలు ఐదు సెకన్లు నొక్కే ఉంటే యాభై ఫ్రేములు. అందులో ఇరవై ఎదుటి మనిషి ఇచ్చినవి. ముప్ఫై మీరు తీసుకున్నవి.

ఆ మూడు సెకన్లలో ఏం జరుగుతుందో ఎప్పుడైనా కెమెరా దించి కళ్ళతో చూశారా? ఈవీఏ ఫోమ్ అనే తేలికపాటి స్పాంజి లాంటి షీటుతో చేసిన కవచం గాలి ఆడనివ్వదు. లోపల చెమట ధారలు. పోజు వదలగానే భుజాలు కిందికి జారతాయి, భుజం మీది కవచం ముక్క పక్కకి ఒరుగుతుంది. విగ్గు అంచు నుదుటికి అతుక్కుని ఉంటుంది, దాన్ని గోటితో నెమ్మదిగా విడదీస్తారు. రంగు లెన్సు పెట్టుకున్న కన్ను మంట పుట్టి నీళ్ళు కారుతుంది, మేకప్ చెరగకుండా టిష్యూ మొనతో అద్దుకుంటారు. డ్రెస్సు పైకి లాక్కుంటారు. ఆ క్షణంలో అక్కడున్నది పాత్ర కాదు, పొద్దున్నుంచీ నించుని అలసిపోయిన ఒక ఉద్యోగస్తురాలో ఇంజినీరింగ్ కుర్రాడో. మీరు అనుమతి అడిగింది పాత్రని తీస్తామని.

"క్యాండిడ్ సహజంగా వస్తుంది సార్" అని చాలామంది రాశారు, అంటే పోజు లేకుండా ఎదుటివాళ్ళు గమనించనప్పుడు తీసేది. ఈ జబ్బు మనకి పెళ్ళిళ్ళ నుంచి అంటుకుంది. పెళ్ళిలో మిమ్మల్ని ఆ ఇంటివాళ్ళే పిలిచారు, డబ్బులిచ్చారు. మీరు తలంబ్రాల దగ్గర నుంచి అప్పగింతల దాకా తిరుగుతూ తీస్తుంటారని పెళ్ళికూతురికి ముందే తెలుసు. ఆల్బమ్‌లోకి ఏది వెళ్ళాలో ఆఖరికి వాళ్ళే ఎంచుతారు. కన్వెన్షన్‌లో వీటిలో ఒక్కటీ లేదు. ఒక పోజుకి సరే అన్నారని మధ్యాహ్నం మెట్ల మీద కూచుని బిర్యానీ తింటుంటే కూడా తీయడాన్ని చనువిస్తే చంకెక్కడం అంటారు. మౌనం అర్ధాంగీకారమని ఇంకొకరు వాదించారు. నోట్లో ముద్ద ఉంటే ఎవరైనా మౌనంగానే ఉంటారు బాబూ.

2014లో న్యూయార్క్ కామిక్ కాన్ అనే కన్వెన్షన్ వాళ్ళు హాలు నిండా బోర్డులు పెట్టారు, వేషం వేసుకున్నంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదని. మంచిదే. కానీ మన చిక్కు మొదలయ్యేది అనుమతి ఇచ్చాక. దానికి జపాన్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. టోక్యో బిగ్ సైట్‌లో ఏటా ఆగస్టులో, డిసెంబరులో జరిగే కామికెట్ అనే కామిక్స్ అభిమానుల సంతలో కాస్‌ప్లేకి విడిగా స్థలాలుంటాయి. ఇంటి నుంచి వేషంతో రాకూడదు, అక్కడే మార్చుకోవాలి. పేరున్న కాస్‌ప్లేయర్ ఎదుట ఫోటోగ్రాఫర్లు వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటారు. జనం మరీ పెరిగితే చుట్టూ మూగి తీస్తారు, అప్పుడు గట్టిగా అంకెలు వెనక్కి లెక్కపెడతారు. లెక్క అయ్యేసరికి కెమెరాలు కిందికి దిగాలి. పోజుకి ముగింపు ఎప్పుడో అందరికీ వినబడుతుంది.

మన హైటెక్స్ హాల్లో మనకోసం ఎవరూ లెక్కపెట్టరు. కాబట్టి నేనే పెడతాను. "రెడీ... మూడు, రెండు, ఒకటి" అని రెండు మూడు క్లిక్కులు, "అయిపోయింది, థాంక్స్" అని పైకే అనేసి కెమెరా ఛాతీ మీదికి దించేస్తాను. దించడం వాళ్ళకి కనబడాలి. బరస్ట్ నేను అసలు వాడను, సింగిల్ షాట్‌లోనే ఉంచుతాను. పెద్ద జూమ్ కూడా తీసుకెళ్ళను. 50 ఎంఎం లెన్సు చాలు, అది జూమ్ చేయదు. దాంతో తీయాలంటే దగ్గరికి వెళ్ళాలి, వెళ్తే మాట్లాడక తప్పదు. దూరం నుంచి 200 ఎంఎం లెన్సుతో లాగేవాళ్ళంటే నాకు చిరాకు, దాచుకోను.

ఇక పోస్ట్ చేసే విషయం. తీయడానికి సరే అన్నది వేరు, పదిమందికి చూపించడానికి సరే అన్నది వేరు. చట్టానికి కూడా ఈ తేడా తెలుసు. ఐపీసీలో 2013లో చేర్చిన 354సీ, ఇప్పుడు 2024 జులై నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో (భారతీయ న్యాయ సంహితలో) 77వ సెక్షన్. మహిళల ఆంతరంగిక దృశ్యాలకి సంబంధించింది అది, మన పోజుకి వర్తించదు. అయినా చూడండి, తీయడానికి ఒప్పుకున్నా పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమని అందులో విడిగా రాశారు. ఐటీ చట్టం 66ఈ మాత్రం నేలమీద పడుకుని లో యాంగిల్ పెట్టేవాళ్ళు చదువుకోవాలి. అనుమతి లేకుండా ఒంటి గోప్య భాగాలు తీస్తే, అది పబ్లిక్ ప్లేస్ అయినా మూడేళ్ళ దాకా జైలు. గద పట్టిన ఘటోత్కచుడిని కింద నుంచి తీస్తే అద్భుతంగా ఉంటుంది, తీయండి. స్కర్ట్ వేసుకున్నవాళ్ళ దగ్గర కళ్ళ ఎత్తు దాటి కిందికి దిగొద్దు.

నా చిట్కా ఒకటి. ఫోటో అయ్యాక, "మీ ఇన్‌స్టా పేజీ ఒకసారి చూపిస్తారా, పోస్ట్ చేస్తే ట్యాగ్ చేస్తాను" అంటాను. వాళ్ళు ఫోన్ చూపిస్తే ఆ స్క్రీన్‌నే ఇంకో ఫ్రేమ్ తీస్తాను. పోస్ట్ వద్దంటే నా అరచెయ్యి ఫోటో తీస్తాను. ఇంటికొచ్చి కార్డు ఖాళీ చేసేటప్పుడు ఎవరి ఫోటోలు ఎక్కడితో ఆగాయో, ఏవి బయటికి వెళ్ళకూడదో వాటంతటవే తెలిసిపోతాయి. ట్యాగ్ చేసేది వాళ్ళు చూపించిన పేజీనే. అసలు పేరు, కాలేజీ తవ్వి తీసి కింద రాయొద్దు.

ఈసారి హోంవర్క్ కాస్త బరువు. బైక్ హెల్మెట్, రెయిన్‌కోట్, చేతికి గ్లవ్స్ వేసుకుని మేడ మీద అరగంట నించోండి. ఫ్రెండ్ చేతికి కెమెరా ఇచ్చి బరస్ట్‌లో పెట్టండి, పోజు వదిలాక కూడా ఆపొద్దని చెప్పండి. తర్వాత ప్రతి ఫ్రేమూ చూసి, మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి మీరు ఒప్పుకునేవి ఏరండి. మొత్తం ఎన్ని, ఒప్పుకున్నవి ఎన్ని, ఈ రెండు అంకెలే నాకు పంపండి. ఫోటోలు వద్దు. మర్నాడు అదే ఫ్రెండ్‌ని మీరు లెక్కపెట్టి, సింగిల్ షాట్‌లో తీయండి. "అయిపోయింది" అన్నాక ఒక్క ఫ్రేమ్ ఉన్నా మొత్తం మళ్ళీ తీయాలి.

పోయినసారి పంపిన డ్రైవ్ లింకులు అలాగే తెరిచి ఉన్నాయి. పోజు కాని ఫ్రేములన్నీ తీసేసి, లింకు మూసేసి, అప్పుడు ఈ అంకెలు పంపండి.