ఇంటి మీద సోలార్ పెట్టించాలంటే ఎలా? ముందు కరెంటు బిల్లు తీసి చేతిలో పట్టుకోండి

మొన్న ఎండల్లో పక్కింటి బాబాయి మా మేడెక్కి ప్యానెళ్ళ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి "ఏరా, ఇవి పెట్టిస్తే బిల్లు సున్నా అంటగా, ఎవరికి ఫోన్ కొట్టాలి?" అన్నాడు. అందరూ ఫోన్ దగ్గరే మొదలుపెడతారు, నేనూ అంతే, అందుకే ఒకటి రెండు చోట్ల దెబ్బతిన్నా. ఆయనకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా, మాది ప్రకాశం జిల్లా కాబట్టి లెక్కలు ఏపీవి, తెలంగాణ వాళ్ళకి రేట్లు వేరుగా ఉంటాయి కానీ పద్ధతి దాదాపు ఇదే.

మొదటి పని: బిల్లు చదవడం

ఒక్క నెలది కాదు, ఏడాది బిల్లులు ముందేసుకోండి. కాగితాలు పారేసుంటే డిస్కం (మనకి కరెంటిచ్చే కంపెనీ) యాప్‌లో సర్వీస్ నంబర్ కొడితే పాతవి కనబడతాయి. చూడాల్సింది మొత్తం రూపాయలు కాదు, యూనిట్లు. ఏపీలో నేను లెక్కేసినప్పుడు ఇళ్ళకి ఉన్న శ్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. అంటే మెట్లు మెట్లుగా ఎక్కుతుందన్నమాట. 300 యూనిట్లు కాలిస్తే యూనిట్ల ఖర్చే 1673 రూపాయలు, అందులో పైనున్న 75 యూనిట్లే 656 తింటున్నాయి! ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు, సుంకం ఇవన్నీ మళ్ళీ వేరే. కాబట్టి ముందు కొట్టాల్సింది ఆ పై మెట్టుని, దానికి సోలారే అక్కర్లేదు.

రెండోది: ప్యానెల్ కంటే ముందు ఫ్యాన్

ఇది చెప్తే బాబాయి నవ్వాడు, కానీ లెక్క చూడండి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు తాగే కొత్తరకం మోటారుది) 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది, తేడా 45 వాట్లు, రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 16 యూనిట్లు. మన ఇళ్ళలో ఎండాకాలం నాలుగు ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతాయి, అంటే 64 యూనిట్లు, ఇందాకటి 8.75 మెట్టులో అయితే 560 రూపాయలు. ఫ్యాన్ ఒక్కోటి మూడు వేల లోపే దొరుకుతుంది, పెద్దాళ్ళకి రిమోట్ కూడా బాగా నచ్చుతుంది (మా నాన్న రిమోట్ ఎవరికీ ఇవ్వడు). తర్వాత ఏసీ. 2020 నుంచి వచ్చే ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలయ్యేలా బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) రూల్ పెట్టింది, మనం వెంటనే 18కి దించి దుప్పటి కప్పుకుని పడుకుంటాం. 24 మీద వదిలేసి ఫ్యాన్ ఒకటో నంబర్‌లో పెట్టండి చాలు. పాత ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైందేమో ఒక నోటు మధ్యలో పెట్టి లాగి చూడండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్పించాలి. అంతే, ఇక్కడ ఇంతకంటే బుర్ర పాడు చేసుకోవాల్సింది లేదు.

ఇదంతా ముందు ఎందుకంటే, తగ్గిన వాడకాన్ని బట్టి సోలార్ సైజు వేసుకుంటే అప్పు కూడా చిన్నదవుతుంది.

మూడోది: మేడ, నీడ, పేరు

కిలోవాట్‌కి దాదాపు వంద చదరపు అడుగుల నీడ లేని జాగా కావాలి. నీడ అంటే వైశాఖంలో మిట్టమధ్యాహ్నం చూసి "అబ్బే ఏం లేదు" అనుకోకండి. సూర్యుడు దక్షిణానికి బాగా ఒరిగేది సంక్రాంతి ముందు ధనుర్మాసంలో, అప్పుడు పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకి వాటర్ ట్యాంకు నీడ, మెట్ల గది నీడ, పక్కింటి కొబ్బరి చెట్టు నీడ ఎక్కడిదాకా వస్తాయో చూడాలి. ప్యానెళ్ళన్నీ దండలో పూలలాగా ఒకే వైరుకి గుచ్చి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడినా మిగతావాటి పని కూడా మందగిస్తుంది.

ఇక పేరు. అసలు కథ అంతా ఇక్కడే. మన ఊళ్ళలో మీటర్ ఎప్పుడో పోయిన తాతగారి పేరు మీదో, ఇల్లు అమ్మినాయన పేరు మీదో ఉంటుంది. సోలార్‌కి కేంద్రం ఇచ్చే సబ్సిడీ అప్లికేషన్‌లో పేరు, కరెంటు బిల్లు మీద పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఈ మూడూ కలవాలి, ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉన్నా తిప్పుతారు. కాబట్టి వెండర్‌తో (సోలార్ బిగించేవాడితో) మాట్లాడకముందే పేరు మార్పిడి చేయించుకోండి, ఆస్తి కాగితం, వారసుల కాగితాలు పట్టుకుని మీసేవకి వెళ్తే అయిపోతుంది. నేను ఈ పని చివర్లో చేసి రెండు నెలలు పోగొట్టుకున్నా.

నాలుగోది: ఎన్ని కిలోవాట్లు, ఎంత డబ్బు

మన ఎండకి 1 కిలోవాట్ రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, నెలకి 120. వానాకాలం తగ్గుతుంది, మార్చి ఏప్రిల్‌లో పెరుగుతుంది. మామూలుగా 150 యూనిట్ల లోపు ఇంటికి 1 నుంచి 2 కిలోవాట్లు, 300 దాకా అయితే 2 నుంచి 3. వెండర్ 5 పెట్టమని ఊదరగొడతాడు, వినకండి. మీరు వాడగా గ్రిడ్‌కి (డిస్కం కరెంటు లైన్లకి) పోయి మిగిలిపోయిన యూనిట్లకి డిస్కం ఇచ్చే రేటు మనం కొనే రేటు కాదు, అందులో చిన్న ముక్క.

కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30 వేలు, మూడోదానికి 18 వేలు ఇస్తారు. మొత్తం 78 వేలు, మూడు దాటితే ఇంకో పైసా పెరగదు. 3 కిలోవాట్లకి మార్కెట్లో రెండు లక్షలకి అటూ ఇటూ అడుగుతున్నారు, సబ్సిడీ పోగా మిగిలిందానికి ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా, పర్సనల్ లోన్ కంటే బాగా తక్కువ వడ్డీకి ఇస్తాయి, ఆ లోన్ కూడా పథకం పోర్టల్ (వెబ్‌సైట్) నుంచే పెట్టుకోవచ్చు. ఏపీలో బీసీ కుటుంబాలకి 2 కిలోవాట్ల మీద రాష్ట్రం ఇంకో 20 వేలు కలుపుతానంది, ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి 2 కిలోవాట్ల దాకా పూర్తిగా ఉచితం, ఆ ఇళ్ళవాళ్ళు సొంతంగా అప్పు చేసే ముందు డిస్కం ఆఫీసులో అడగండి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్నవాళ్ళకి మాత్రం నేను తొందరపడమని చెప్పను, లేని బిల్లు తగ్గించుకోవడానికి అప్పెందుకు చెప్పండి.

అయిదోది: అప్లికేషన్

పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం, సర్వీస్ నంబర్ కొట్టి మొబైల్ ఓటీపీతో రిజిస్టర్ అవ్వాలి. పోర్టల్ లిస్టులో ఉన్న వెండరే చెయ్యాలి, బయటివాడితో పెట్టిస్తే సబ్సిడీ రాదు. 10 కిలోవాట్ల లోపు అయితే ఇదివరకటిలాగా సాధ్యాసాధ్యాల పరిశీలన అని ఆపడానికి లేదు, 2024లో రూల్ మార్చారు, అప్లికేషన్ ఒప్పుకున్నట్టే లెక్క. పని అయ్యాక డిస్కం మీటర్ పెట్టి సిస్టమ్‌ని నడిపించడానికి గడువు కూడా 30 రోజుల నుంచి 15కి దించారు. ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకోండి, కౌంటర్ దగ్గర పనికొస్తాయి.

కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. రేటు తర్వాత, ముందు ప్యానెల్ "డీసీఆర్" అని రాసుందో లేదో చూడండి, అంటే లోపలి సోలార్ సెల్‌తో సహా ఇండియాలో తయారైందని. డీసీఆర్ కాని ప్యానెల్ చవగ్గా వస్తుంది కానీ సబ్సిడీ రాదు, "అదంతా నేను చూసుకుంటాలే సార్" అన్నాడంటే లేచి వచ్చేయండి.

ఆరోది: పని జరిగే రోజు ఇంట్లోనే ఉండండి

నా దెబ్బ ఇక్కడే. నేను ఆఫీసుకి పోయా, కుర్రాళ్ళు వచ్చి స్లాబ్‌కి డ్రిల్లు వేసి బోల్టులు దిగ్గొట్టి మధ్యాహ్నానికి స్టాండు నిలబెట్టేశారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. అక్టోబర్ తుఫాను వానకి సరిగ్గా ఆ బోల్టుల కిందే హాల్లో చెమ్మ, ఆ తర్వాత పెచ్చులు. ఫోన్ చేస్తే "అది సివిల్ వర్క్ సార్, మాకు సంబంధం లేదు" అన్నాడు వెండర్. అగ్రిమెంట్‌లో ఆ ముక్క నేను రాయించుకోలేదు, తప్పు నాదే. మీరు రాయించుకోండి: స్లాబ్‌కి కన్నం వెయ్యకుండా పైన కాంక్రీటు దిమ్మెలు పోసి వాటికి బిగించాలి, తప్పక వేస్తే వాటర్‌ప్రూఫింగ్ బాధ్యత వాడిదే.

స్టాండు మంచి గాల్వనైజ్డ్ ఇనుముదై ఉండాలి, సముద్రం దగ్గర ఊళ్ళలో ఉప్పు గాలికి మామూలు పైపు రెండేళ్ళలో తుప్పు పట్టుద్ది. ప్యానెళ్ళ ముఖం దక్షిణానికి, వాలు మన దగ్గర 15 డిగ్రీల చుట్టూ ఉంటే చాలు. ఎత్తు గురించి ఇంట్లో ఆడవాళ్ళని అడక్కుండా ఖాయం చెయ్యొద్దు, మా అమ్మ మొదటి ప్రశ్నే "వడియాలు ఎక్కడ పెట్టాలిరా?". ఏడడుగుల ఎత్తు స్టాండుకి కొన్ని వేలు ఎక్కువైంది గానీ ఇప్పుడు కింద బట్టలారేస్తున్నాం, చుట్టూ ఎండ తగిలే చోట వడియాలు. ఎర్తింగ్ గుంతలు మూడు తవ్వాలి, ప్యానెళ్ళ వైపు (డీసీ) కరెంటుకి ఒకటి, ఇంటి వైపు (ఏసీ) కరెంటుకి ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. ఒక్క గుంతలో మూడు వైర్లు కలిపి పూడ్చేస్తారు, దగ్గరుండి చూడండి. కోతులున్న ఊరైతే వేలాడే వైరు ఒక్కటి కూడా ఉండకూడదు, అన్నీ పైపులోనే పోవాలి.

ఇంకోటి, బాబాయి నమ్మని విషయం: కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ కదా, లైను మీద పనిచేసే లైన్‌మన్‌కి మన మేడ మీద నుంచి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) తనంతట తనే పడుకుంటుంది. కోతలకి మందు కాదిది, బిల్లుకి మందు.

ఏడోది: మీటర్

నెట్ మీటర్ (మనం తీసుకున్నదీ, గ్రిడ్‌కి పంపిందీ రెండూ లెక్కపెట్టేది) పెట్టాక అందరూ కంగారుపడేది ఒకటుంది. ఇన్వర్టర్ యాప్‌లో నెలకి 340 యూనిట్లు వచ్చాయని చూపిస్తుంది, మీటర్‌లో ఎక్స్‌పోర్ట్ 210 మాత్రమే ఉంటుంది, 130 ఎవడు మింగాడు? ఎవడూ మింగలేదు, పగలు మన ఫ్రిజ్, మోటారు, మిక్సీ నేరుగా వాడేశాయి, అవి మీటర్ దాకా రావు. రాత్రి గ్రిడ్ నుంచి తీసుకున్న ఇంపోర్ట్ 190 అనుకోండి, 210 పంపాం కాబట్టి 20 మనకే మిగులు, ఫిక్స్‌డ్ చార్జీల్లాంటివి మాత్రం కట్టాలి. మొదటి మూడు నెలలు బిల్లు కొట్టే రోజున ఈ రెండు అంకెలు ఫోటో తీసి పెట్టుకోండి. తేడా వస్తే 1912కి ఫోన్, అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉంది, లాయర్ అక్కర్లేదు. ప్యానెళ్ళు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే కడగాలి, కాలే అద్దం మీద చల్లటి నీళ్ళు పొయ్యకూడదు. సబ్సిడీ అన్నీ సరిగ్గా ఉంటే నెల రోజుల్లో ఖాతాలో పడుతుంది.

మేడ లేనివాళ్ళు, ఇంకా మనం ఒక్కళ్ళమే చెయ్యలేనివి

అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టు, మోటార్లు, కారిడార్ లైట్ల మీటర్‌కి అసోసియేషన్ పేరు మీద పెట్టించొచ్చు, కిలోవాట్‌కి 18 వేలు ఇస్తారు. మీటింగ్‌లో ఒకాయన తప్పకుండా "మా టాప్ ఫ్లోర్ వేడెక్కుద్ది" అంటాడు, నిజానికి నీడ పడి చల్లబడుతుంది.

కానీ ఇల్లిల్లూ ప్యానెల్ పెట్టినా సాయంత్రం ఏడింటికి అందరం ఒకేసారి లైట్లు, ఏసీలు వేసినప్పుడు ఎండ ఉండదు, అప్పుడు బొగ్గే కాలాలి. దానికి జవాబు మన చేతిలో లేదు, నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టిన 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ లాంటివాటిలో ఉంది. పగలు ఎండ కరెంటుతో నీళ్ళు పై రిజర్వాయర్‌కి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఇలాంటివి ఎన్ని, ఎవరి ఖర్చుతో, మన బిల్లులో ఎంత అనేది డిస్కంలు, ప్రభుత్వం, ఈఆర్‌సీ తేలుస్తాయి. ఊళ్ళో బడి మీద, పంచాయతీ ఆఫీసు మీద ఎందుకు పెట్టలేదో గ్రామసభలో అడిగి తీర్మానంలో రాయించండి.

ఈఆర్‌సీ అంటే కరెంటు రేట్లు ఖాయం చేసే కమిషన్, రెండు రాష్ట్రాలకీ చెరొకటి ఉంది. డిస్కంలు ఏటా నవంబర్ ఆఖరుకల్లా వచ్చే ఏడాది లెక్కలు అక్కడ దాఖలు చెయ్యాలి, తర్వాత పేపర్లో ప్రకటన వేసి అభ్యంతరాలు అడుగుతారు, బహిరంగ విచారణ పెడతారు, ఏప్రిల్ నుంచి కొత్త రేట్లు. 2000లో హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద నిరసన చేస్తున్నవాళ్ళ మీద పోలీసు తూటాలు పేలాయి, జనం ప్రాణాలు పోయాయి. ఇప్పుడు అదే విషయం మీద మైకు మన చేతికిస్తుంటే కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. ఒక తెల్లకాగితం మీద పేరు, సర్వీస్ నంబర్, అడగాల్సింది (నెట్ మీటర్లు ఎందుకు ఆలస్యం, మిగులు యూనిట్‌కి ఎంత ఇస్తారు, సాయంత్రం కరెంటు ఎక్కడ కొంటున్నారు) రాసి గడువులోపు పంపండి, విచారణలో నోటితో చెప్తానని చివర్లో ఒక లైను కలపండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. వెళ్ళేటప్పుడు మీ బిల్లు జిరాక్సు ఒకటి జేబులో పెట్టుకోండి.