ఇంటికి కొత్త పడకగది కలుపుతున్నారా? గోడల కన్నా ముందు మంచం గీయండి

ఉన్న ఇంటికి పడకగది, డ్రెస్సింగ్, బాత్‌రూమ్ మూడూ కలిపి కొత్త భాగం వేయాలనుకునేవాళ్లు చాలావరకు నాలుగు గోడలు గీసేసి, లోపల ఏది ఎక్కడ పడుతుందా అని తర్వాత ఆలోచిస్తారు. ఇళ్ల ప్లాన్లు గీయడమే నా పని. నేను ముందు గీసేది మంచం. దాని చుట్టూ మనిషి నడిచే దారి, ఆ తర్వాత బీరువా, చివరికి గోడలు. ఈ వరసలో వెళ్తే గది ఎంత ఉండాలో లెక్క దానంతటదే తేలుతుంది.

లెక్క చూడండి. కింగ్ సైజు పరుపు వెడల్పు సుమారు 6 అడుగులు, పొడవు ఆరున్నర. రెండు పక్కలా రెండున్నర అడుగుల చొప్పున వదిలితే గది వెడల్పు 11 అడుగులు. కాళ్ల వైపు 3 అడుగుల దారి, దాని అవతల 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్, తల వైపు చెక్కకు మూడు నాలుగు అంగుళాలు కలిపితే పొడవు 12 అడుగులకు కాస్త తగ్గుతుంది. అంటే 11 బై 12 గదిలో ఇద్దరు ఒకరికొకరు అడ్డం రాకుండా తిరగగలరు. చోటు తక్కువైతే 5 అడుగుల క్వీన్ మంచానికి దిగండి, అంతేకానీ దారిని కొయ్యకండి. పక్క దారి 2 అడుగుల కన్నా తగ్గితే దుప్పటి మార్చడం కూడా ఇబ్బందే. ఈ కొలతలన్నీ ప్లాస్టరింగ్ అయ్యాక మిగిలేవి. ఇటుక నుంచి ఇటుకకు కొలిచి వార్డ్‌రోబ్ చేయిస్తే ఆ అంగుళం, అంగుళంన్నర దగ్గరే ఇరుక్కుంటారు.

కొత్త గది మీద ఉత్సాహంలో పాత ఇంటిని మర్చిపోవద్దని గట్టిగా చెబుతాను. కొత్త భాగం ఆనుకునే గోడకు పాత గది కిటికీ ఉండొచ్చు. అది మూసుకుపోతే ఆ గదికి వెలుతురు, గాలి రెండూ పోతాయి. వేరే గోడకు కిటికీ పెట్టే వీలు లేకపోతే కొత్త భాగాన్ని ఒక పక్కకు జరపండి. దారి కూడా అంతే. పాత పడకగదిలోంచి కొత్త గదికి వెళ్లేలా తలుపు పెడితే, ఆ పాత గదిలో ఇక ఎవరూ ప్రశాంతంగా పడుకోలేరు. అందులోంచి 3 అడుగుల పట్టీ తీసి నడవ చేసినా సరే, హాలు నుంచి నేరుగా దారి ఇవ్వండి. గోడ కొట్టేముందు అది స్లాబు బరువు మోస్తోందో లేదో ఇంజనీరు చూసి తీరాలి.

పాత పునాది ఎప్పుడో కుంగి కుదురుకుని ఉంటుంది. కొత్తది ఇంకా కొంత కుంగుతుంది. అందుకే రెండూ కలిసే చోట సన్నటి చీలిక రావడం మామూలే. అక్కడ జాయింట్ (రెంటి మధ్య కావాలని వదిలే సందు) ఎలా వదలాలో ఇంజనీరు చెబుతారు. మీరు చూసుకోవాల్సిందల్లా బాత్‌రూమ్ టైల్స్ ఆ గీత మీదికి రాకుండా ఉండడం. వస్తే టైల్ పగిలి నీళ్లు కిందికి దిగుతాయి.

బాత్‌రూమ్ ఏ మూలకు రావాలో మురుగు పైపు కూడా నిర్ణయిస్తుంది. కమోడ్ నుంచి వెళ్లే 4 అంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు వాలు ఇచ్చారనుకోండి, అది కలిసే ఛాంబర్ (నేలలో మూత వేసి ఉండే మురుగు తొట్టి) 20 అడుగుల దూరంలో ఉంటే అక్కడికి చేరేసరికి పైపు 6 అంగుళాలు దిగాలి. కాబట్టి ముందు పాత ఛాంబర్ మూత తీయించి లోతు కొలవండి.

ఇక అసలు అమరిక. పడకగది, డ్రెస్సింగ్, బాత్‌రూమ్ ఈ వరసలో ఉంటే నాకు చాలా ఇష్టం. తెల్లవారుజామున ఒకరు లేచి తయారవుతుంటే, లైటు గానీ నీళ్ల చప్పుడు గానీ నిద్రపోతున్నవాళ్ల దాకా రాదు. డ్రెస్సింగ్‌లో ఒక పక్కే అల్మరాలైతే 5 అడుగుల వెడల్పు చాలు, రెండు పక్కలా అయితే 7 కావాలి. అంత చోటు లేకపోతే డ్రెస్సింగ్ ఆలోచన మానుకుని, పడకగదికీ బాత్‌రూమ్‌కీ మధ్య గోడ పొడవునా వార్డ్‌రోబ్ పెట్టండి. బట్టలు నిండిన వార్డ్‌రోబ్ చప్పుడును కొంత ఆపుతుంది. అయితే దాని వెనక షవర్ రాకూడదు, చెమ్మ దిగితే బట్టలు బూజు పడతాయి. మంచం తల వైపు గోడలో నీళ్ల పైపులు అసలే వద్దు. బాత్‌రూమ్‌కు బయటికి తెరుచుకునే కిటికీ ఉండాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పెట్టించండి. లేకపోతే ఆవిరంతా డ్రెస్సింగ్‌లోకే వస్తుంది.

బాత్‌రూమ్‌కు 5 బై 8 సరిపోతుంది. తలుపు దగ్గర వాష్‌బేసిన్, తర్వాత కమోడ్, చివర షవర్. ఇలా అయితే తడి ఒక చివరకే పరిమితమవుతుంది. కమోడ్ మధ్య గీత నుంచి పక్క గోడకు కనీసం 15 అంగుళాలు, వీలైతే 18, ముందు 2 అడుగులు వదలండి. తలుపు విషయంలో మాత్రం నేను రాజీపడను. అది బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, ఎవరైనా జారి దాని వెనకే పడినప్పుడు మనం నెట్టలేం, సాయం ఆలస్యమవుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో 3 అడుగుల తలుపు పెట్టండి, ఎత్తు గడప వద్దు. మీరూ ఆ ఇంట్లోనే పెద్దవాళ్లవుతారు కదా.

ఏసీ గాలి నేరుగా ముఖం మీదికి రాకుండా చూసుకోండి. పడమటి గోడకు పెద్ద కిటికీ పెడితే సాయంత్రానికి గది వేడెక్కుతుంది.

ప్లాన్ కుదిరాక మేడ మీదో ఖాళీ స్థలంలోనో అసలు కొలతలతో సుద్దతో గీయండి. మంచం, వార్డ్‌రోబ్, కమోడ్ అన్నీ గీసి, తలుపులు తిరిగే వంపులు కూడా వేయండి. రాత్రి లేచి బాత్‌రూమ్‌కు వెళ్తున్నట్టు నడిచి చూడండి. మంచం మూల తగులుతోందా? తెరిచిన వార్డ్‌రోబ్ తలుపు దారికి అడ్డమా? పడుకున్న చోటి నుంచి చెయ్యి చాపితే ఎక్కడ అందుతుందో అక్కడ గుర్తు పెట్టండి. తలుపు దగ్గరా మంచం దగ్గరా పనిచేసే టూ వే స్విచ్, ఫోను చార్జింగ్ ప్లగ్ అక్కడే రావాలి. డ్రెస్సింగ్ దారిలో మోకాలి కన్నా కింద ఒక చిన్న లైటు పాయింటు వేయించుకుంటే రాత్రి పెద్ద లైటు వేసే పనుండదు.

ఈ గుర్తులన్నీ ప్లాన్ కాగితం మీదికి ఎక్కించాకే అనుమతికి పంపండి, మేస్త్రికీ ప్లంబర్‌కూ అదే కాగితం ఇవ్వండి. ప్లింత్ బీమ్ (పునాది మీద గోడల కింద వచ్చే దూలం) కాంక్రీటు పోసేలోపు మురుగు పైపు దాటే చోట ఇంజనీరు చెప్పినట్టు స్లీవ్ (పైపు దూరేందుకు ముందే పెట్టే గొట్టం) పెట్టించి, దగ్గరుండి చూసుకోండి. పోసేశాక ఆ బీమును కొట్టనివ్వకండి.