సెకండ్ హ్యాండ్ ఆడియో కొనడం – 4వ పాఠం: యాంప్ ఎవరిదో డబ్బు వాళ్లకే

పోయిన పాఠంలో "వస్తువు కళ్లతో చూడకుండా రూపాయి కూడా పంపొద్దు" అని రాశాను. అది సగం మాటే అయింది. చూసిన తర్వాతే డబ్బు పంపి కూడా కొందరు మోసపోయారు. యాంప్లిఫయర్ చూశారు, పాట విన్నారు, అక్కడే నిలబడి ఫోన్‌లో డబ్బు కొట్టారు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి మాత్రం "నాకేం రాలేదండీ" అన్నాడు. అందుకే ఈసారి చెప్తానన్న స్పీకర్ల పాఠం వెనక్కి జరిపాను. ముందు ఈ ముడి విప్పాలి.

అసలు యజమాని 90 వేలకి ప్రకటన పెడతాడు. మోసగాడు ఆ ఫొటోలే తీసుకుని, అదే యాంప్‌ను 60 వేలకి తన పేరుతో పెడతాడు. మీరు ఫోన్ చేస్తే, "వస్తువు మా బావమరిది ఇంట్లో ఉందండీ, వెళ్లి తృప్తిగా చూసుకోండి. ఆయన నాకు బాకీ ఉన్నాడు, రేటు సంగతి మాత్రం ఆయన దగ్గర ఎత్తకండి" అంటాడు. అదే పూట యజమానికి ఫోన్ చేసి, "90కే ఖాయం చేసుకుందాం సార్. మా కుర్రాడు వచ్చి చూస్తాడు, వాడి ముందు రేటు మాట్లాడకండి, వాడికి నేను వేరే చెప్పాను" అంటాడు. బేరం ఆడకుండా ఒప్పుకున్నాడు కదా అని యజమాని సంతోషంగా తలుపు తీస్తాడు. మీరు వెళ్తారు. ఇల్లు నిజం, మనిషి నిజం, బిల్లు నిజం, వినిపించే పాట నిజం. అబద్ధమల్లా డబ్బు వెళ్లే అకౌంట్ ఒక్కటే. మీ 60 వేలు మోసగాడికి చేరాక ఫోన్ స్విచ్ ఆఫ్. గదిలో మిగిలేది ఒకరినొకరు దొంగ అనుకునే ఇద్దరు మంచివాళ్లు.

ఈ మోసానికి ఆయువుపట్టు ఒకే వాక్యం: "రేటు ఆయనతో మాట్లాడొద్దు." బావమరిది స్థానంలో షాపు స్టాఫ్ రావచ్చు, ఒంట్లో బాగాలేని తండ్రి రావచ్చు, గొడవపడ్డ పార్ట్‌నర్ రావచ్చు. కారణం ఎంత సబబుగా ఉన్నా సరే, ఆ వాక్యం వినగానే బేరం ఆగిపోవాలి. మొహమాటం వద్దు. నిజమైన అమ్మకందారుకి తన వస్తువు ధర తన ఇంట్లో దాచాల్సిన అవసరమే లేదు.

యాంప్ పక్కన నిలబడి, అది ఎవరి ఇంట్లో ఉందో వాళ్లనే అడగండి: "ఇది మీదేనాండీ? ఎంతకి ఇస్తున్నారు? డబ్బు ఎవరి అకౌంట్‌లో వేయమంటారు?" మూడింటికీ జవాబు ఆ నోటి నుంచే రావాలి, ఫోన్‌లో ఉన్నవాడి నుంచి కాదు. తర్వాత ఆయన ఫోన్‌లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 1 రూపాయి పంపండి. స్క్రీన్ మీద వచ్చే పేరు ఆయన పేరేనా చూడండి. రూపాయి ఆయన అకౌంట్‌లో పడిందని ఆయన ఫోన్‌లోనే చూపించమనండి. మిగతా మొత్తం పరీక్షలయ్యాక, అదే కోడ్‌కి.

యూపీఐలో మామూలుగా ఒక మనిషి మరో మనిషికి పంపగలిగేది రోజుకి 1 లక్షే. అంతకు మించిన బేరమైతే ఐఎంపీఎస్ (బ్యాంకు అకౌంట్ నంబర్‌కి అప్పటికప్పుడే పంపే పద్ధతి) వాడొచ్చు. చాలా బ్యాంకులు కొత్తగా చేర్చిన అకౌంట్‌కి మొదటి 24 గంటలు కొంత మొత్తమే పంపనిస్తాయి. కాబట్టి ఒకరోజు వెళ్లి చూసి, అకౌంట్ చేర్చుకుని, మర్నాడు బండి తీసుకుని వెళ్లండి. నా మటుకు నాకు ఇదే పద్ధతి ఇష్టం, రాత్రి గడిస్తే తొందర తగ్గుతుంది. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, అలా అడిగితే కుదరదనండి. తెల్లకాగితం మీద మోడల్, సీరియల్ నంబర్, మొత్తం, తేదీ, ఆయన సంతకం తీసుకోండి. సీరియల్ నంబర్ ఫొటో చూసి కాదు, యాంప్ వెనక చూసి రాయాలి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీకి వచ్చిన 12 అంకెల రిఫరెన్స్ నంబర్ చేతిలో ఉంచుకోండి. ముందు మోసగాడితో అరగంట వాదించడం ఎందుకు? ఆ అరగంటలో డబ్బు ఇంకో అకౌంట్ దాటిపోతుంది.

ఇక యాంప్ దగ్గరికి వద్దాం. లోపలికి వెళ్లగానే పైమూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే ఆన్ చేసి పెట్టారన్నమాట. చల్లగా ఉన్నప్పుడే బయటపడే లోపాలు ఉంటాయి: రిలే (ఆన్ చేశాక టిక్‌మని స్పీకర్లను కలిపే స్విచ్) ఆలస్యంగా పడటం, ఒక ఛానల్ (ఎడమ లేదా కుడి వైపు) అయిదు నిమిషాలకి గానీ పలకకపోవడం. "ఒక గంట ఆపేద్దామండీ, టీ తాగొస్తాను" అనండి.

వెనక ప్లేటు చదవండి. జపాన్ సొంత మార్కెట్ కోసం చేసిన సాన్సుయ్, లక్స్‌మన్, అక్యుఫేజ్ యాంప్‌ల మీద 100 వోల్టులని ఉంటుంది. మన గోడ ప్లగ్‌లో 230. అడాప్టర్ పెట్టి నేరుగా గుచ్చితే ఫ్యూజ్ పోతే అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఆ యాంప్‌కి మళ్లీ దొరకదు. 230ని 100 వోల్టులకి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, బజారులో తేలిగ్గా దొరికే 110ది కాదు. యాంప్ 250 వాట్లు తీసుకుంటే 500 వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడు) ఉన్నది కొనండి. ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

తర్వాతిది మీటర్ పరీక్ష: పాట లేనప్పుడు యాంప్ వెనక స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ వోల్టేజీ ఎంత వస్తోందో మల్టీమీటర్‌తో ఒక్కో ఛానల్‌కీ చూడటం. ఇందులోనూ కొందరు తడబడ్డారు. నాబ్ ఏసీ మీద పెట్టి సున్నా వచ్చిందని సంబరపడ్డారు. కావలసింది డీసీ, 2 వోల్టుల రేంజ్. ఇంకా ప్రమాదం చేత్తో పట్టుకునే సూదులతో: జారి ఎరుపు, నలుపు టెర్మినల్స్‌కి ఒకేసారి తగిలితే అవుట్‌పుట్ షార్ట్ అవుతుంది, పరాయివాళ్ల యాంప్ మీ చేతిలో పోతుంది. తొడుగున్న క్రొకడైల్ క్లిప్పులు, యాంప్ ఆఫ్‌లో ఉండగానే తగిలించండి. స్పీకర్లు తీసేయండి, వాల్యూమ్ సున్నా. ఆన్ చేసి, రిలే టిక్‌మన్నాక 10 నిమిషాలు ఆగి చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు మంచిది. 100 దాటితే రిపేరు ఖర్చు లెక్కేసుకోండి. వోల్టుల్లో వస్తే వెంటనే ఆఫ్. ఇదంతా ట్రాన్సిస్టర్ యాంప్‌లకే. వాల్వ్ (గాజు ట్యూబుల) యాంప్‌లో మామూలుగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది గనక ఈ అంకె ఏమీ చెప్పదు. పైగా స్పీకర్ లేకుండా దాన్ని ఆన్ చేయనే కూడదు.

తర్వాత మీ వెంట తెచ్చుకున్న పాత స్పీకర్లతో అరగంట వినండి. పోయినా బాధలేని జతే తీసుకెళ్లండి.

అభ్యాసం: ఇంట్లో ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్‌కే వరుసగా 7 రోజులు డీసీ కొలవండి. ఆన్ చేసిన 1, 5, 10, 30 నిమిషాలకి, రెండు ఛానళ్లూ. మొత్తం 56 అంకెలు, తేదీతో నోటుపుస్తకంలో. పదో నిమిషం అంకె రోజూ దగ్గరదగ్గరగా రావాలి. రాకపోతే ముందు క్లిప్పులు, మీటర్ బ్యాటరీ చూసుకోండి. పుస్తకం నిండేదాకా ఎవరి ఇంటికీ కొనడానికి వెళ్లకండి.