పాత స్పోర్ట్స్ కారు గేర్ లింకేజ్, 4వ పాఠం: అరిగిన బుష్‌ని కొలవకండి

గేర్ లివర్ కదలికని గేర్‌బాక్స్ దాకా చేర్చే రాడ్లూ కీళ్లే లింకేజ్, ఆ రాడ్ దూరి జారే గొట్టంలాంటి ముక్కే బుష్. పోయిన పాఠం చదివి బుష్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి గేర్ లివర్ ఇంకా లూజుగానే ఉందట. కొందరికి రెండో గేర్ అసలు పడటం లేదట. అందుకే బాల్ కప్పులు (కీళ్లలో గుండు కూర్చునే గిన్నెలు) వచ్చేసారికి ఉంచి, మళ్లీ బుష్ దగ్గరికే వద్దాం.

రెండో గేర్ పడనివాళ్లది వేరే జబ్బు. విప్పేముందు రాడ్‌కీ దాన్ని బిగించే క్లాంపుకీ కలిపి, మళ్లీ అదే చోట బిగించేలా గీత పెట్టుకోలేదు. క్లాంపు వదులు చేసి కొద్దికొద్దిగా తిప్పి సర్దుకోండి.

లూజు సంగతికొస్తే, మీరు పంపిన కొలతలన్నీ పాత బుష్‌వే. అది అరిగిందనే కదా తీస్తున్నాం! రాడ్ ఎక్కువగా ఒకే వైపు ఒరుసుకుంటుంది కాబట్టి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. రాడ్ 15 మి.మీ. అనుకోండి. కొలిచే వెర్నియర్‌ని బుష్ రంధ్రంలో ఒకవైపు పెడితే 15.2, అడ్డంగా తిప్పితే 15.7 చూపిస్తుంది. లేత్ మీద బుష్ చేసే టర్నర్‌కి 15.7 చెబితే పాత లూజునే కొత్తగా చేయించుకున్నట్టు. సగటు తీసినా అంతే. లోపలి కొలత రాడ్ నుంచి, బయటి కొలత బుష్ కూర్చునే ఫైర్‌వాల్ (ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) రంధ్రం నుంచి తీసుకోవాలి. రాడ్ కూడా బుష్ కింద అరుగుతుంది, కాబట్టి రెండంగుళాలు పక్కకి జరిగి కొలవండి. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే చాలు. ఎమరీ కాగితం వేస్తే కొలతే మారిపోతుంది.

బుష్ చేయడానికి సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడిగితే నైలాన్ కడ్డీ చూపిస్తారు. నేను తీసుకోను. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిపోయింది వానల్లో పట్టేస్తుంది. తేమ పెద్దగా పీల్చని గట్టి ప్లాస్టిక్, డెల్రిన్ అడగండి. ఇత్తడి వేస్తే ఇంజను అదురంతా చేతికి తెలుస్తుంది. హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ దగ్గరికి రాడ్‌ని వెంట తీసుకెళ్లి, "అన్నా, చేత్తో తోస్తే జారాలి, ఊపితే ఊగొద్దు" అని చెప్పండి.

మొన రాడ్‌లో దిగి కీలుని పట్టి ఉంచే కోన్ స్క్రూ మాత్రం చేయించొద్దు, కొనండి. బోల్టు మొన అరగదీసి పెడితే నాలుగు రోజుల్లో వదులవుతుంది. పోర్షే 914 వాళ్లు వెనక వైపు లింకేజ్ సామాను కొనేముందు కారు కిందకి దూరి చూడండి. 1972 మోడల్ దాకా లింకేజ్ గేర్‌బాక్స్ తోక దగ్గర కలుస్తుంది, 1973 నుంచి పక్కన. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. కాగితాల మీది సంవత్సరాన్ని నమ్మకండి, మధ్యలో ఎవరైనా గేర్‌బాక్స్ మార్చి ఉండొచ్చు.

అభ్యాసం: మీ బుష్‌కి గ్రాఫ్ కాగితం మీద డ్రాయింగ్ గీసి, కొలతలన్నీ వేసి టర్నర్‌కి ఇచ్చి బయట నిలబడండి. ఆయన పిలిచి ఒక్క ప్రశ్న అడిగినా మొదటి నుంచి మళ్లీ గీయాలి.